ఆకు పారేసి తొడిమ దాచుకున్నామె

"సంచి మీదికెల్లి చెయ్యి తియ్యి."

"తీస్త. ముందుగాల అండ్ల ఏమున్నదో చెప్పు."

"నా మనుమని గుడ్డలున్నయ్. దవాఖానకు గుడ్డలు తెచ్చుకోవద్దా ఏంది?"

"గుడ్డలకు ఆముదం వాసన ఎట్లొచ్చిందక్కా?"

"వాసన నీ ముక్కులనే ఉన్నట్టుంది. ఊడ్సుకునేదానివి ఊడ్సుకో. మా సంచులు ఎతుకుడు నీ నౌకరా?"

"నా నౌకరే. ఈ వార్డుల పిల్లకు ఏమన్నైతే అందరికంటె ముందు నన్నే అడుగుతరు. పోరడు పొద్దుగాల డోలు లెక్క ఉంటడు. నువ్వు తెర ఎనుకకు తీస్కపోతవ్. బయటికొచ్చేసరికి పొట్ట మెత్తగైతది, పోరడు సోయి లేకుండ పంటడు. నల్లమందు పెడుతున్నవా లేదా, గది చెప్పు."

"నీ నోట్ల మన్ను పొయ్య. నా కొడుకు కొడుకు వాడు. వానికి నేను నల్లమందు పెడ్తనా?"

అప్పుడు నేను చంద్రపూర్‌లో ఒక చిన్నపిల్లల ఆసుపత్రిలో ఆయాను. అక్కడ మమ్మల్ని ఎవరూ ఆయా అనరు, మావ్‌శీ అంటారు. అంటే మరాఠీలో పిన్ని. పిలుపు చుట్టరికంలా ఉంటుంది, పని మాత్రం పనిలాగే ఉంటుంది. నా పెనిమిటి బొగ్గుబావిలో పని కోసం కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. ఆయన వెంట నేనూ వచ్చి బాబుపేట్‌లో కాపురం పెట్టాను. చదువు మూడో తరగతితో ఆగింది. ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఇంట్లో ఆడపిల్లలు ఇద్దరు నర్సు చదువులోకి వెళుతున్నారు. వాళ్లకు మరాఠీ అక్షరాలు వచ్చినంత గబగబా తెలుగు రాదు, కూడబలుక్కుని చదువుతారు. అందుకే పొట్టి మాటలతో రాస్తున్నాను. అర్థం కాకపోతే మళ్లీ చదవండి. కాగితం ఇంకోటి ఖర్చు చేయను.

సంచి పట్టుకున్న పెద్దామె గోండ్‌పిప్రి దగ్గర పల్లె మనిషి. మన తెలుగువాళ్లే, ఎన్ని తరాల నుంచో అక్కడే వరి, పత్తి వేసుకుని బతుకుతున్నవాళ్లు. కొడుకు ఘుగ్గుస్‌లో బొగ్గు టిప్పర్ నడుపుతాడు. కోడలికి తొలికాన్పు. పిల్లవాడికి నెల దాటింది. పొట్ట ఉబ్బుతోందని, పాలు కక్కుతున్నాడని, బరువు పెరగడం లేదని తెచ్చి చేర్చారు. కోడలు మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. మేమిద్దరం కొట్లాడుతుంటే ఆమె నేల వంకే చూస్తోంది. ఆమెను కూడా నేను అనుమానించాను. తల్లి అయ్యుండి నోరు మెదపదేమిటి అనుకున్నాను.

నా అనుమానం ఎక్కడ మొదలైందో చెప్పాలి. చెత్తడబ్బాలో.

వార్డులో చెత్తడబ్బా ఖాళీ చేసేది నేనే. ఏ మంచం వాళ్లు ఏం తింటున్నారో, ఏం దాస్తున్నారో డబ్బా చెబుతుంది. ఆ మంచం దగ్గరి డబ్బాలో రోజూ తమలపాకులు పడుతున్నాయి. నమిలి ఉమ్మినవి కావు. పచ్చటి నిండు ఆకులు, కడిగితే మళ్లీ పనికొచ్చేవి. ఒక్కదానికీ తొడిమ లేదు. ఆకు వేసుకునేవాళ్లు తొడిమ తుంచి పారేసి ఆకు నములుతారు. ఈమె తొడిమ ఉంచుకుని ఆకు పారేస్తోంది. పోనీ నోరు ఎర్రగా ఉందా అంటే అదీ లేదు. సబ్బుముక్క అరిగి చిటికెడైనా కొత్త సబ్బుకు అంటించి వాడుకునే మనిషిని నేను. మంచి ఆకు నేల పాలవుతుంటే నా కడుపు మండింది. ఆ మంటకు తోడు భయం. మా కాలనీల్లో కూలికి పోయే ఆడవాళ్లు పిల్లలు ఏడవకుండా ఆవగింజంత నల్లమందు నాలుకకు రాయడం నేను చూశాను. కొందరు పిల్లలు మళ్లీ లేవలేదు. తొడిమతో నల్లమందు నాకిస్తోందని నాలో నేను తేల్చేసుకున్నాను. తేల్చుకున్న తర్వాత చూసిందల్లా దానికి సాక్ష్యంలాగే కనబడింది.

డాక్టరుకు ఏమీ అంతుబట్టడం లేదు. మరాఠీ మనిషి, వయసు తక్కువ, మాట నెమ్మది. పొద్దున చూస్తే పొట్ట ఉబ్బి ఉంటుంది. గ్లూకోజు పెట్టి, మందు మార్చి, మధ్యాహ్నం వచ్చి చూస్తే మెత్తబడి ఉంటుంది. తన మందే పని చేసిందని ఆయన అనుకుంటున్నాడు. ఆ రోజు ఇంటికి పంపేద్దామని కూడా చెప్పాడు. కొడుకు టిప్పర్ దిగి తీసుకుపోవడానికి వస్తానన్నాడు. ఇంటికి పోయారంటే మళ్లీ మా కంట పడరు. అందుకే ఆ పొద్దున సంచి మీద చెయ్యి వేశాను.

కొట్లాట విని డాక్టరు వచ్చాడు. నేను ఆయన ముందే సంచి మంచం మీద బోర్లించాను. నాలుగు పొత్తిగుడ్డలు, తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు, దారంతో కట్టిన తొడిమల కట్ట, చిన్న సీసాలో ఆముదం. నల్లమందు లేదు. సంచి మూలలు కూడా విప్పి చూశాను. లేదు.

పెద్దామె నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "సూసినవా? ఇగ ఆ ముక్కు కోసుకో."

నేను కోసుకోలేదు. డాక్టరు తొడిమల కట్ట చేతిలోకి తీసుకుని, ఇది దేనికి అని హిందీలో అడిగాడు. ఆమె నా వైపు చూసి తెలుగులో చెప్పింది.

"దేనికేంది? ఆముదంల ముంచి కిందికెల్లి జర పెడ్తే పోరడు దొడ్డికి పోతడు. మా అవ్వ చేసింది, మా అత్త చేసింది. గిది సుత ఎరుక లేకుండ డాక్టర్ ఎట్లయిండు?"

నేను ఆయనకు మరాఠీలో చెప్పాను. చివరి మాట చెప్పలేదు.

ఆయన తలగడ దగ్గరి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేర్చిన రోజున అడిగిన మాటలే మళ్లీ అడిగాడు. పిల్లవాడికి ఏదైనా మందు పెట్టారా అంటే లేదన్నారు. దొడ్డికి తనే పోతున్నాడా అంటే రోజూ పోతున్నాడన్నారు. మరి ఇదేంటి?

"మందు పెట్టలే," అంది ఆమె. "ఆకు తొడిమ మందా? దొడ్డికి పోతుండా అన్నవ్. పోతుండు. వాడు కాక మరి నేను పోతున్ననా?"

కోడలికి నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వార్డులో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

పెద్దామె అబద్ధం ఆడలేదు. తొడిమ పెట్టడమంటే పిల్లవాడికి ఒళ్లు తుడవడం లాంటిదే ఆమెకు. ఎవరైనా అడిగితే చెప్పాల్సిన సంగతి అని తట్టలేదనే అప్పటికి అనుకున్నాను. నర్సు చదువుకు పోతున్న పిల్లలూ, ఇక్కడ ఆగండి. మందు పెట్టారా అని అడగకండి. ఏమేం చేశారు, మీ చేత్తో చేసి చూపించండి అని అడగండి. మన ఆడవాళ్లు చేసే పనుల్లో సగం వాళ్ల లెక్కలో పనులే కావు.

అయినా నా అనుమానం తీరలేదు. చెప్పాల్సిన పని కాకపోతే తెర వెనక్కి ఎందుకు పోవాలి? ఆ ప్రశ్న అడగడానికి నాకు సాయంత్రం దాకా సందు దొరకలేదు.

డాక్టరు ఇంకో మాట అడిగాడు. "పుట్టాక పిల్లలు నల్లగా, జిగటగా మొదటి దొడ్డి పోతారు కదా. వీడు ఎప్పుడు పోయాడు?"

"పోలే. రెండో నాడు తొడిమ పెడితే పోయిండు."

ఆయన ముఖం మారింది. ఇంటికి పంపే మాట వెనక్కి తీసుకున్నాడు. ఈ రోజు నా కళ్ల ముందే ఉంచుతాను, మీరు మాత్రం తొడిమ పెట్టొద్దు, తనంతట తాను పోతాడేమో చూద్దాం అన్నాడు. నన్ను మంచం దగ్గర కూర్చోమన్నాడు. పెద్దామె సరేనంది. మనుమడి మీద ఆమెకు నమ్మకం ఉందో, డాక్టరుదే తప్పని చూపించాలని పంతం ఉందో నాకు తెలియలేదు. రెండూ ఉండొచ్చు. నేను ఆమె చేతుల వంక చూస్తూ కూర్చున్నాను, ఆమె నన్ను చూస్తూ కూర్చుంది.

"గుడ్లగూబ లెక్క ఏం చూస్తవ్?" అంది కాసేపటికి.

"నీ చేతులు."

"చేతులు నా ఒళ్లెనే ఉన్నయ్. పోరని పొట్ట చూడు."

పొట్ట చూశాను. పొద్దెక్కిన కొద్దీ అది లేస్తోంది. తల్లి పాలు పట్టబోతే తల తిప్పుకున్నాడు. కోడలి మొహం చూసి పెద్దామె అలవాటు మాట అంది. "నీ పాలే మందం. వద్దన్న కొద్ది వంకాయ తింటివి." కోడలు పిల్లవాడిని భుజాన వేసుకుని గోడ వైపు తిరిగింది. వాళ్లిద్దరి మధ్య ఎవరు ఎవరికి భయపడుతున్నారో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

పొద్దు వాలే వేళకు కొడుకు వచ్చాడు. కనుబొమ్మల మీద బొగ్గు పొడి అలాగే ఉంది. వచ్చీ రాగానే, "ఛుట్టీ ఇస్తమన్నరు గద, ఇంక ఏందే అవ్వా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోపే పిల్లవాడు కక్కాడు. పాలు కావు, ఆకుపచ్చటి నీళ్లు. పొట్ట మీద నరాలు నీలంగా తేలాయి. వేలితో తడితే టకటకమంది.

పెద్దామె లేచి సంచి కోసం చెయ్యి చాపింది. సంచి నా కాళ్ల మధ్య ఉంది. నేను ఇవ్వలేదు. అదే క్షణంలో డాక్టరు వచ్చాడు. చేతిలో సన్నటి మెత్తని రబ్బరు గొట్టం. దానికి నూనెలాంటి మందు రాసి, తల్లిని కాళ్లు పట్టుకోమని, కింద నుంచి మెల్లగా పోనిచ్చాడు. గాలి, దొడ్డి ఒక్కసారిగా చిమ్మి ఆయన చొక్కా మీద పడ్డాయి. తర్వాత ఉప్పునీళ్లు కొద్దికొద్దిగా ఎక్కించి కడిగాడు. పొట్ట మెత్తబడింది. పిల్లవాడు ఏడుపు మాని నిద్రలోకి జారాడు.

పెద్దామె అంతా చూసి కొడుకు వైపు తిరిగింది. "చూసినవా కొడుకా, నేను చేసిందే చేసిండు. నాది ఆకుతొడిమ, ఆయనది గొట్టం. నాకేమో తిట్లు, ఆయనకేమో బోర్డు."

నేను ఉన్నదున్నట్టు మరాఠీలో చెప్పాను. డాక్టరు చొక్కా తుడుచుకుంటూ నవ్వి, ఆమెను మరాఠీలో అవ్వా అని పిలిచాడు. "నిజమే ఆజీ. మీరు చేసిందే చేశాను. ఇన్నాళ్లూ వీడిని బతికించింది మీ చెయ్యే. రోగం నాకు కనబడకుండా దాచిందీ మీ చెయ్యే."

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను ఇన్నేళ్లలో ఎవరి నోటా వినలేదు. ఆయన మరాఠీలో చెప్పాడు, నేను ముక్క ముక్కగా తెలుగులో వాళ్లకు అందించాను.

పేగు ఉత్త గొట్టం కాదట. దాని గోడలో కండ ఉంటుంది, కండ మధ్యలో సన్నటి నరాల వల ఉంటుంది. లోపలికి ఏదైనా వస్తే దాని వెనక కండ బిగుస్తుంది, ముందు కండ వదులవుతుంది. అలా బిగుస్తూ, వదులవుతూ కిందికి తోస్తుంది. బిగుసుకోమని కొన్ని నరాలు కబురు పంపుతాయి, వదలమని కొన్ని పంపుతాయి. మనం పడుకుంటే చెయ్యి దానంతట అదే వదులవుతుంది కదా, పేగు కూడా అంతే అనుకుంటాం. అది కాదు. ఈ కండకు వదలమని నరం చెప్పాలి. చెప్పకపోతే పట్టుకునే ఉంటుంది.

"అమ్మ కడుపులో ఉన్నప్పుడు ఆ నరాల గింజలు పైనుంచి కిందికి పేగు వెంట నడుచుకుంటూ వస్తాయి. కొందరు పిల్లల్లో చివరిదాకా చేరవు, మధ్యలో ఆగిపోతాయి. వీడికీ అదే అయిందని నా అనుమానం. చివరి జానెడు పేగుకు వదలమని చెప్పేవాళ్లు లేరు. అది బిగుసుకునే ఉంది. పైనుంచి వచ్చిందంతా దాని వెనక నిండిపోతోంది. మీ తొడిమ పోయి తలుపు తోసింది. నరం చేయాల్సిన పని మీరు చేశారు."

"మరి పాలు?" అంది కోడలు. ఆ రోజు ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట.

"పాలకు దీనికీ సంబంధం లేదు. తిన్నదానికీ లేదు. ఇది నెలలు నిండకముందే జరిగింది."

పెద్దామె వంకాయ మాట మళ్లీ ఎత్తలేదు.

డాక్టరు, నాగపూర్ తీసుకుపోవాలి, అక్కడ పేగులోంచి చిన్న ముక్క తీసి చూసి ఖాయం చేస్తారు, నరాలు లేని ముక్క కోసి మంచి పేగును కిందికి దించి కుడతారు అన్నాడు. కొడుకు గొంతు లేచింది.

"పొద్దుగాల ఇంటికి పొమ్మన్నరు, పొద్దుమూకె యాళ్లకు కోస్తమంటున్నరు. నెల పోరన్ని కోసుడేంది? మా డ్రైవర్లు చెప్పనే చెప్పిండ్రు, ఈ దవాఖానలు ఒకదానికెల్లి ఒకదానికి తోలుతయని."

ఆ అనుమానం నాకూ ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి తమ దోస్తు దగ్గరికి పంపే డాక్టర్లను నేను ఎరుగుదును. అందుకే నా చోటు మరచి అడిగాను. "నాగపూర్‌ల ఎక్కడికి సాబ్? మీకు తెలిసినోళ్ల దగ్గరికా?"

"సర్కారీ దవాఖానకు. చీటీ మీద అదే రాస్తాను, మావ్‌శీ. చదివి చూసుకో." ఆయన కోపం తెచ్చుకోలేదు. నేను కూడబలుక్కుని చదివాను కూడా.

పెద్దామె ఇదంతా వినడం లేదు. పిల్లవాడి పొట్ట మీద అరచెయ్యి ఆనించి అడిగింది. "డాక్టర్ సాబ్, నేనే తొడిమ పెట్టుకుంట పోతె? వాడు పెద్దగయ్యేదాంక పెడ్త. నాకు బరువా?"

"పెట్టగలిగినన్ని రోజులు దొడ్డికి పోతాడు. నిండిన పేగు ఒకనాడు విషమెక్కుతుంది, జ్వరం వస్తుంది. అప్పుడు తొడిమ పెట్టినా, గొట్టం పెట్టినా ఆగదు." ఆ వెంటనే అడిగాడు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఇలా పొట్ట ఉబ్బిందా?"

ఆమె అరచెయ్యి పొట్ట మీది నుంచి తీసేసింది. కొడుకే అన్నాడు, "మా ఇంట్ల ఎవ్వలికి లేదు. నేనొక్కన్నే."

"నువ్వొక్కనివి కాదు కొడుకా," అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. "నీకంటె ముందుగాల ఒకడుండె. పేరు సుత పెట్టలే. ఇట్లనే డోలు లెక్క ఉబ్బేది. దిష్టన్నరు, గాలన్నరు. తొడిమ పెడితె పోయేటోడు. రోజూ పెట్టిన. ఒకనాడు పెట్టినా పోలే. ఒళ్లు కాలింది. మీ నాయిన బండి కట్టేసరికి అయిపోయిండు."

కొడుకు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

నేను అప్పుడు అడిగాను, పొద్దున్నుంచి దాచుకున్న ప్రశ్న. "మరి తెర ఎనుక ఎందుకు చేసినవక్కా? చెప్తే ఏమైతుండె?"

"చెప్తే కోస్తరని. కోస్తే పోతడని. తొడిమతోని ఇంకొన్ని రోజులన్న ఉంటడు గద." ఆమె నా వైపు చూడలేదు. "ఆఖరుకు ఏమైతదో నాకు ఎరుకనే ఉండె చెల్లె. ఎరుకై ఎవ్వలికి చెప్పలే."

పొద్దున నా నోట్లో మన్ను పొయ్యాలన్న మనిషి నన్ను చెల్లె అంది. నేను సంచి ఆమె వైపు జరిపాను. ఆమె దాన్ని తీసుకోలేదు.

కొడుకు నేల మీద నుంచే మళ్లీ మొదలుపెట్టాడు, "కోస్తే బతుకుతడని ఎవరు రాసిస్తరే అవ్వా?" ఆమె అడ్డం వచ్చింది. "ఎవ్వలు రాసియ్యరు. కొయ్యకపోతె ఏమైతదో నేను రాసిస్త. పో, మూతి కడుక్కో. బొగ్గు చేతులతోని పోరన్ని ముట్టకు."

ఇంతకూ ఆ పిల్లవాడి సంగతి. నాగపూర్‌లో పరీక్ష చేసి, మా డాక్టరు అనుమానం నిజమేనన్నారు. ఆపరేషన్ అయింది. ఒకసారి కుట్లు చీము పట్టి మళ్లీ ఉండాల్సి వచ్చింది. కొన్నాళ్లు వాడు మాటిమాటికీ దొడ్డికి పోతుంటే పొత్తిగుడ్డలు ఉతికి ఉతికి కోడలి చేతులు పగిలాయి. తర్వాత నేను పని మానేశాను. కిందటేడు గంజ్ బజారులో కనబడ్డారు. వాడు నాయనమ్మ వేలు వదిలించుకుని జామపండ్ల బండి వైపు పరుగెత్తుతున్నాడు. పొట్ట మామూలు పొట్ట. నేను కిందికీ మీదికీ రెండుసార్లు చూసి గానీ నమ్మలేదు. అనుమానం మానుకోమని నేను మీకు చెప్పను. వార్డులో అనుమానం లేని మనిషి పనికిరాదు. కానీ తప్పు చేసినవాళ్ల కోసమే వెతుకుతూ కూర్చుంటే, భయపడ్డవాళ్లు ఎదురుగా ఉన్నా కనబడరు.

ఇక వాళ్లు నాగపూర్ బయలుదేరిన ఆ మరునాటి పొద్దు.

అంబులెన్సు బండి తెల్లారగానే వచ్చింది. దారిలో వరోరా ఊరు దాటేలోపు పొట్ట గట్టిపడితే ఏం చేయాలో డాక్టరు ముందు కోడలికి చూపించబోయాడు. ఆమె గొట్టం ముట్టుకోలేక వెనక్కి జరిగింది. పెద్దామె ముంజేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చి, నాకు చూపించు అంది. గొట్టం ఎంత లోపలికి పోవాలో, ఉప్పునీళ్లు ఎంత పట్టాలో ఒకసారి చూసి, రెండోసారి తనే చేసి చూపించింది. ఆయన తల ఊపి, గొట్టం, నీళ్ల సీసా కవరులో పెట్టి ఆమెకే ఇచ్చాడు. పిల్లవాడిని ఆమె కోడలి ఒళ్లో పెట్టి పక్కన కూర్చుంది. బండిలో తల్లి కాక ఇంకొక్కరికే చోటుందని డ్రైవరు అంటే కొడుకు దిగాడు. తలుపు మూశారు. బండి నాగపూర్ దారి పట్టింది. కొడుకు బస్సులో వెనకే పోవడానికి బస్‌స్టాండు వైపు నడిచాడు. నేను లోపలికి వచ్చి ఆ మంచం దుప్పటి తీసి నానబెట్టాను.